పలాంగ్ ధర్మ పార్టీ: 47 సీట్ల నుంచి నాలుగేళ్లలో ఒక్క సీటుకి ఎలా పడింది?

అడిగిన ప్రశ్న ఇది: "థాయిలాండ్ రాజకీయాల గురించి చదువుతుంటే పలాంగ్ ధర్మ అనే చిన్న పార్టీ పేరు తగిలింది. 1992లో 47 సీట్లు, 1996లో ఒక్కటే. నిజాయితీపరుల పార్టీ అని పేరున్నది ఇంత త్వరగా ఎలా పోయింది? థాక్సిన్ ఈ పార్టీ నుంచే వచ్చారంటారు, నిజమేనా?"

ముందు చివరి ప్రశ్న. నిజమే. 2001లో ప్రధాని అయిన థాక్సిన్ షినవత్ర రాజకీయాల్లోకి వచ్చింది పలాంగ్ ధర్మ గుమ్మంలోంచే. ఆయన్ని పిలిచి మంత్రిని చేసి, ఏడాది తిరగకముందే పార్టీ పగ్గాలు కూడా చేతిలో పెట్టింది ఆ పార్టీ పెట్టిన చమ్లాంగ్ శ్రీమువాంగే. అదే చమ్లాంగ్ 2006లో అదే థాక్సిన్‌ని దించడానికి రోడ్డెక్కారు. ఈ మలుపు బాగుంటుంది కాబట్టి చాలామంది కథ ఇక్కడే మొదలుపెడతారు. కానీ పార్టీ ఎందుకు పోయిందో తెలియాలంటే ఇంకా వెనక్కి, చమ్లాంగ్ అనే మనిషి దగ్గరికి వెళ్లాలి. ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో చాలాకాలం ఉన్నాను, అక్కడి రాజకీయాలు వదలకుండా చూస్తూ వస్తున్నాను. నా అంచనా ముందే చెప్పేస్తాను: ఆ పార్టీని ముంచింది అవినీతి కాదు, మితిమీరిన నిజాయితీ కూడా కాదు. ఒక మనిషి పరపతి మీద, ఒక్క నగరం ఓట్ల మీద నిలబడిన పార్టీ అది. అది ఎవరిదో లోపలివాళ్లే ఎన్నడూ తేల్చుకోలేదు.

చమ్లాంగ్ 1935లో పుట్టారు. సైన్యంలో మేజర్ జనరల్ దాకా ఎదిగారు. 1980లో ప్రధాని ప్రేమ్ తిన్సులనొండ దగ్గర ముఖ్య కార్యదర్శిగా చేరారు. మరుసటి ఏడాది గర్భస్రావ చట్టాన్ని సడలించే బిల్లు వస్తే, దాన్ని వ్యతిరేకించడానికి ఆ పదవి వదిలేశారు. ఈ సంఘటన గుర్తుపెట్టుకోండి. పదవి వదిలేసి పేరు తెచ్చుకోవడం ఆయనకి అప్పటి నుంచే ఉంది, పార్టీకీ అదే అలవాటు వచ్చింది.

ఆయన సంతి అశోక్ అనే బౌద్ధ శాఖ అనుయాయి. రోజుకి ఒక్కపూట భోజనం, అదీ శాకాహారం. పెళ్లయినా భార్యాభర్తలిద్దరూ బ్రహ్మచర్యం పాటిస్తామని బయటికే చెప్పారు. రైతులు వేసుకునే ముదురు నీలం చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లేవారు. జనం సగం భక్తితో, సగం వేళాకోళంగా ఆయన్ని 'మహా చమ్లాంగ్' అనేవాళ్లు. అక్కడ 'మహా' అంటే పాళీ చదువుకున్న భిక్షువుకి పేరు ముందు తగిలించే బిరుదు. సంతి అశోక్‌ని నడిపిన ఫోతిరక్ భిక్షువు కాకముందు టీవీలో పనిచేసినవాడు. 1975లో అధికారిక భిక్షు సంఘం నుంచి విడిపోయాడు. మిగతా భిక్షువుల విలాసాల మీద నోరు చేసుకునేవాడు. చివరికి 1989లో సంఘ పెద్దలు అతని కాషాయం తీసేయాలని తీర్మానించారు, పోలీసులు అరెస్టు కూడా చేశారు. అంటే పార్టీ నాయకుడి గురువే దేశంలో అధికారిక మతానికి గిట్టనివాడు. ప్రత్యర్థులకి ఇంతకంటే ఏం కావాలి?

అయినా బ్యాంకాక్ జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ నగరంలో గవర్నర్ అంటే మన మేయర్ లాంటి పదవి, కాకపోతే అధికారాలు ఎక్కువ. 1975లో ఒకసారి ఎన్నిక జరిగింది, 1977 నుంచి మాత్రం ప్రభుత్వం నియమించినవాళ్లే కూర్చున్నారు. 1985 నవంబర్‌లో మళ్లీ ఎన్నిక పెడితే చమ్లాంగ్ నిలబడి గెలిచారు. అప్పటికి పార్టీ లేదు, వెనక ఉన్నది ఒక చిన్న బృందం. మిగతా అభ్యర్థులు రంగురంగుల పోస్టర్లు వేయిస్తుంటే ఈయన మనుషులు బజారులో పారేసే వెదురు బుట్టల మూతలు ఏరుకొచ్చి, వాటి మీద చేత్తో పేరు రాసి స్తంభాలకి వేలాడదీశారు. డబ్బు లేక అలా చేశారని కొందరు, జనం కళ్లు అటే పోవాలని చేశారని కొందరు అంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. చమ్లాంగ్‌కి ప్రచారం తెలీదనుకుంటే పొరపాటు. థాయిలాండ్‌లో అప్పటికి అంత ప్రచారం తెలిసిన మనిషి ఇంకొకరు లేరు.

గవర్నర్‌గా జీతం దానం చేశారు. రోడ్లు ఊడ్చేవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. జనం చూస్తుండగా చీపురు పట్టారు. ఇవన్నీ మధ్యతరగతికి తెగ నచ్చాయి. ఆ ఊపులో 1988లో పలాంగ్ ధర్మ పెట్టారు, అంటే 'ధర్మశక్తి' అని అర్థం. ఆ జూలైలో సాధారణ ఎన్నికలు వచ్చాయి. 300 మందికి పైగా అభ్యర్థుల్ని నిలబెడితే గెలిచింది 14 మంది.

ఎందుకు అంత తక్కువ? థాయ్ పల్లెల్లో ఎన్నికలు నడిపేది 'హువా కనేన్'లు, అంటే ఓట్ల దళారులు. గ్రామపెద్ద, మిల్లు యజమాని, కాంట్రాక్టరు, కొట్టు నడిపేవాడు, ఒక్కోసారి గుడిలో భిక్షువు కూడా. ఎవరింట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరికి ఏం సాయం చేసి ఉన్నామో వీళ్ల దగ్గర లెక్క ఉంటుంది. ఎన్నిక ముందు రాత్రి డబ్బు పంచేదీ వీళ్లే. ఓట్లు కొనం అని ఒట్టు పెట్టుకున్న పార్టీకి ఈ మనుషులు దొరకరు. పైగా ప్రచారం చివర్లో ఇంకో దెబ్బ తగిలింది. 1976 అక్టోబర్‌లో తమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఊచకోతకు ముందు జరిగిన విద్యార్థి వ్యతిరేక సమీకరణల్లో చమ్లాంగ్ కూడా ఉన్నారన్న ఆరోపణ బయటికొచ్చింది. చదువుకున్న ఓటర్లలో కొంతమందికి అది మింగుడుపడలేదు.

1990 జనవరిలో ఆయన గవర్నర్‌గా మళ్లీ గెలిచారు, ఈసారి భారీ మెజారిటీతో. 1991 ఫిబ్రవరి 23న సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. 1992లో గవర్నర్ పదవి వదిలి పార్లమెంటు ఎన్నికల్లోకి దిగారు. మార్చి 22న ఎన్నికలు. పలాంగ్ ధర్మకి 41 సీట్లు. వాటిలో 32 బ్యాంకాక్‌వే, నగరంలో మొత్తం ఉన్నవి 35.

ఇక్కడ ఆగి ఒక సాంకేతిక విషయం చెప్పాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ నా దృష్టిలో సగం సమాధానం ఇందులోనే ఉంది. అప్పట్లో థాయిలాండ్‌లో ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురి దాకా ఎంపీలు గెలిచేవారు. ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు. పల్లెల్లో జనం ఆ ఓట్లను తెలిసినవాళ్లకి తలా ఒకటి పంచేవారు. బ్యాంకాక్‌లో అభ్యర్థి ఎవరో కూడా తెలీదు, పార్టీని చూసి మూడూ ఒకే జట్టుకి వేసేసేవారు. దాంతో నగరంలో గాలి ఎటు వీస్తే అటు మొత్తం సీట్లు కొట్టుకుపోతాయి. నూటికి నలభై మంది ఓటేసినా మిగతా ఓట్లు చీలితే మూడు సీట్లూ మీవే. ఆ నలభై కాస్త తగ్గి పక్క పార్టీది పెరిగితే మూడూ పోతాయి. 32 అనే అంకె చూసి నగరమంతా చమ్లాంగ్ భక్తులే అనుకున్నవాళ్లు ఈ లెక్క మర్చిపోయారు. పార్టీ నాయకులూ మర్చిపోయారనే నా అనుమానం.

ఆ తర్వాత జరిగింది ప్రపంచమంతా చూసింది. ఎన్నికల్లో నిలబడని సైన్యాధిపతి సుచిందా క్రప్రయూన్ ఏప్రిల్‌లో ప్రధాని కుర్చీ ఎక్కారు. అంతకుముందు ఆ పదవి నాకొద్దని చెప్పినవారు ఆయనే. చమ్లాంగ్ మే 4న నిరాహార దీక్షకి కూర్చున్నారు. చచ్చేదాకా తిననన్నారు, కానీ 9వ తేదీన విరమించారు. ఉద్యమం నడిపించడానికి బతికుండాలి అన్నది ఆయన వాదన. మాట తప్పారని అన్నవాళ్లూ ఉన్నారు. మే 17 రాత్రి సనామ్ లువాంగ్ మైదానం నుంచి రాచదమ్నోన్ వీధి మీదుగా ప్రభుత్వ భవనం వైపు ఊరేగింపు బయల్దేరితే ఫాన్ ఫా వంతెన దగ్గర ముళ్ల కంచె వేసి ఆపారు. రాత్రికి గొడవ మొదలైంది, ఆపైన కాల్పులు. 18న చమ్లాంగ్‌ని అరెస్టు చేశారు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ప్రకారమే 52 మంది చనిపోయారు. కనబడకుండా పోయినవాళ్లు వేరే. ఈ జనంలో సెల్‌ఫోన్లు పట్టుకుని ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవాళ్లు చాలామంది ఉండేవారు. అందుకే పత్రికలు 'మొబైల్ ఫోన్ గుంపు' అని పేరు పెట్టాయి. అప్పట్లో ఆ ఫోన్ చేతిలో ఉందంటే డబ్బున్నవాడని అర్థం. ఆ ఫోన్ల వ్యాపారంతోనే పెద్దవాడైన వ్యక్తి తర్వాత ఈ పార్టీకే నాయకుడయ్యాడు. కథలో రాస్తే అతికించినట్టుందంటారు.

మే 20 రాత్రి రాజు భూమిబోల్ ఇద్దర్నీ పిలిపించారు. సోఫాలో కూర్చున్న రాజు ముందు సుచిందా, చమ్లాంగ్ నేల మీద కూర్చుని ఉన్న దృశ్యం టీవీలో వేశారు. చమ్లాంగ్ ఒంటి మీద అదే నీలం చొక్కా. నాలుగు రోజులకి సుచిందా రాజీనామా చేశారు.

సెప్టెంబర్ 13న మళ్లీ ఎన్నికలు. సైన్యానికి ఎదురు నిలిచిన పార్టీలని 'దేవతలు', దానితో అంటకాగినవాళ్లని 'రాక్షసులు' అని పత్రికలు విడదీశాయి. పలాంగ్ ధర్మకి 47 సీట్లు వచ్చాయి. మీ ప్రశ్నలో ఉన్న అంకె ఇదే. అంకె పెరిగింది కాబట్టి పార్టీ పెరిగిందనుకుంటాం. కానీ బ్యాంకాక్‌లో 32 కాస్తా 23కి దిగింది. 'జనాన్ని చావుకి తీసుకెళ్లాడు' అన్న మాట నగరమంతా పాకింది. ఉద్యమానికి కారు వేసుకుని వచ్చిన మనిషే, నెత్తురు చూశాక, గొడవ లేని నాయకుడు కావాలనుకున్నాడు. డెమొక్రాట్ పార్టీ నేత చువాన్ లీక్‌పాయ్ అచ్చం అలాంటివారు: నెమ్మదిగా మాట్లాడే లాయరు. ఆయన పార్టీకి 79 వచ్చాయి, ప్రధాని అయ్యారు. పలాంగ్ ధర్మ ఆ సంకీర్ణంలో చేరింది.

అంటే ఆ 47లో సగం బ్యాంకాక్ బయట నుంచి వచ్చినవి. వాళ్లలో గుడి మనుషులు, అంటే సంతి అశోక్ వాళ్లు, తక్కువ. సొంత పలుకుబడి ఉండి, పార్టీ పేరు బాగుంది కదా అని వచ్చినవాళ్లే ఎక్కువ. ఇక్కడి నుంచి ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఒకవైపు సంతి అశోక్ జట్టు, వాళ్లకి పార్టీ అంటే ధర్మకార్యం. రెండోవైపు బూన్‌చూ రోజనస్తియన్ లాంటి అనుభవజ్ఞులు. ఆయన పెద్ద బ్యాంకర్, 1970లలోనే ఆర్థికమంత్రిగా చేసినవారు. 1993 మొదట్లో చమ్లాంగ్ నాయకత్వం ఆయనకి అప్పగించి పక్కకి తప్పుకున్నారు. పక్కకి అంటే పూర్తిగా కాదు. ప్రతి నిర్ణయానికీ అందరూ ఆయన మొహమే చూసేవారు. గుడి జట్టుకి మంత్రులు సుఖపడుతున్నారని కోపం. మంత్రులకి, ఓట్లు తెచ్చేది మేమైతే పెత్తనం శాకాహారులదా అని కోపం.

1994లో చమ్లాంగ్ మళ్లీ నాయకుడయ్యారు. రాగానే తమ వాటా మంత్రుల్ని దాదాపుగా అందర్నీ దించేసి కొత్తవాళ్లని పెట్టారు. విదేశాంగ మంత్రి ప్రసోంగ్ సూన్‌సిరి స్థానంలో ఎంపీ కూడా కాని థాక్సిన్ వచ్చారు. మాజీ పోలీసు అధికారి, ప్రభుత్వ లైసెన్సులతో మొబైల్ ఫోన్లు, ఉపగ్రహాల వ్యాపారం కట్టినవారు. ఒక్కపూట తినే మనిషి కోటీశ్వరుణ్ని ఎందుకు తెచ్చారు? లోపలివాళ్లని నమ్మలేక, బయట గెలిచిన మనిషిని తెస్తే అతనికి దోచుకోవాల్సిన అవసరం ఉండదనుకున్నారు. అప్పట్లో బ్యాంకాక్‌లో చాలామంది అలాగే అనుకున్నారు, డబ్బున్నవాడు తినడు అని. కానీ పార్టీలో ఏళ్ల తరబడి పోస్టర్లు అంటించినవాళ్లకి అది చెంపదెబ్బ. ప్రభుత్వంతో కాంట్రాక్టులున్నవాళ్లు మంత్రులుగా ఉండకూడదన్న నిబంధన రావడంతో థాక్సిన్ మూడు నెలలు దాటగానే దిగిపోవాల్సి వచ్చింది.

ఈలోగా భూముల కుంభకోణం పేలింది. పేద రైతులకి ఇవ్వాల్సిన భూసంస్కరణ పట్టాలు, 'సోర్ పోర్ కోర్ 4-01' అంటారు వాటిని, ఫుకెట్‌లో డబ్బున్న కుటుంబాల చేతికి వెళ్లాయి. లబ్ధిదారుల్లో డెమొక్రాట్ ఎంపీ భర్త కూడా ఉన్నారు. వ్యవసాయ శాఖ చూసిన సుతేప్ తువాక్‌సుబన్ 1994 చివర్లోనే పదవి వదిలారు. (2013-14లో బ్యాంకాక్ రోడ్లు దిగ్బంధించి అవినీతి మీద ఉపన్యాసాలిచ్చిన సుతేప్ ఈయనే.) 1995 మేలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. పలాంగ్ ధర్మ మద్దతు ఉపసంహరించుకుంది. ఓటింగ్ దాకా రానివ్వకుండా చువాన్ సభ రద్దు చేశారు. అదే నెలలో చమ్లాంగ్ పార్టీని థాక్సిన్‌కి అప్పగించారు.

ఇందులో తప్పేముంది, అవినీతిని సహించలేదు కదా అంటారు. నిజమే, ఆ నిర్ణయాన్ని నేనూ తప్పుపట్టను. తప్పు ఆ తర్వాత చేశారు. జూలై 2 ఎన్నికల్లో 23 సీట్లొచ్చాయి, బ్యాంకాక్‌లో 37కి 16. గెలిచింది బన్హార్న్ శిల్పఆచా పార్టీ. ఆయనకి పత్రికలు పెట్టిన ముద్దుపేరు 'నడిచే ఏటీఎం'. చువాన్ ప్రభుత్వం అపవిత్రమని బయటికొచ్చినవాళ్లు వెళ్లి ఆ ఏటీఎం పక్కన కూర్చున్నారు! థాక్సిన్ ఉపప్రధాని అయ్యారు, బ్యాంకాక్ ట్రాఫిక్‌ని ఆరు నెలల్లో బాగుచేస్తానన్నారు. ఆ రోజుల్లో బ్యాంకాక్ ట్రాఫిక్ అంటే ఏమిటో అందులో ఇరుక్కున్నవాళ్లకే తెలుసు. స్కైట్రైన్ అనే మెట్రో రైలు ఇంకా రాలేదు. వాన పడితే ఆఫీసు నుంచి ఇంటికి రాత్రి ఎప్పుడు చేరతామో చెప్పలేం. పిల్లలకి కార్లోనే అన్నం పెట్టి, హోంవర్క్ చేయించేవాళ్లు. ఆరు నెలలు గడిచాయి, కార్లు అక్కడే ఉన్నాయి. నగరంలో ఏ ఓటరు రోజూ రెండు మూడు గంటలు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని తిట్టుకునేవాడో, సరిగ్గా ఆ ఓటరుకే ఈ మాట ఇచ్చారు.

1996 జూన్‌లో చమ్లాంగ్ మళ్లీ గవర్నర్ పదవికి నిలబడ్డారు. ఒకప్పుడు తనే తన వారసుడిగా నిలబెట్టిన క్రిత్సదా ఈసారి ఎదురు పోటీ. ఇద్దరి మధ్యా ఓట్లు చీలి పిచిత్ రత్తకుల్ గెలిచారు. చమ్లాంగ్ సొంత నగరంలో ఓడిపోవచ్చని అందరూ కళ్లారా చూశారు. ఆగస్టులో, కొత్త బ్యాంకుల లైసెన్సుల కోసం డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ మీద పార్టీ బన్హార్న్ సంకీర్ణం నుంచి కూడా బయటికొచ్చింది. ఏడాదిన్నర లోపే రెండోసారి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజీనామాకి విలువ వచ్చేది అరుదుగా చేసినప్పుడే. నవంబర్ 17 ఎన్నికల్లో మిగిలింది ఒక్క సీటు, బ్యాంకాక్‌లో సుదారత్ కేయురఫన్‌ది. ఇందాక చెప్పిన ఓటింగ్ లెక్క ఇప్పుడు పార్టీ మెడకే చుట్టుకుంది. నగరంలో చాలా సీట్లు డెమొక్రాట్లు ఊడ్చుకుపోయారు. థాక్సిన్ నాయకత్వం వదిలేశారు.

పల్లెల్లో పునాది వేసుకుని ఉంటే బతికేదా? బహుశా బతికేది, కానీ అది పలాంగ్ ధర్మ అయ్యేది కాదు. హువా కనేన్‌లు లేకుండా పల్లె గెలిచే దారి అప్పట్లో ఎవరికీ తెలీదు. ఈ పాఠాన్ని అందరికంటే బాగా నేర్చుకున్నది థాక్సిన్. 1998 జూలైలో థాయ్ రక్ థాయ్ పెట్టినప్పుడు పలాంగ్ ధర్మ చేయనివన్నీ చేశారు. జిల్లాల్లో పలుకుబడి ఉన్న పాత ఎంపీల్ని గుంపులు గుంపులుగా చేర్చుకున్నారు. దాంతోపాటు 30 బాత్‌లకే వైద్యం, ఊరికి పది లక్షల బాత్‌ల నిధి లాంటి పథకాలు పల్లె ఓటరు ముందు పెట్టారు. 2001 జనవరిలో 500కి 248 సీట్లు. సుదారత్ కూడా ఆయన వెంటే వెళ్లారు. కాబట్టి థాక్సిన్ పలాంగ్ ధర్మని నాశనం చేశారన్న మాటతో నేను ఏకీభవించను. ఆయన చేతికి వచ్చేసరికే అది సగం ఖాళీ. బన్హార్న్ పక్కన కూర్చోబెట్టిన తప్పు మాత్రం ఆయన ఖాతాలోనే రాయాలి.

చమ్లాంగ్ తన 'ధర్మ సేన'తో 2006లో థాక్సిన్ మీదికి, 2008లో ప్రధాని సమక్ సుందరవేజ్ మీదికి వెళ్లారు. 1992 మేలో సుచిందా ప్రభుత్వంలో ఉపప్రధానిగా ఉండి కాల్పుల్ని వెనకేసుకొచ్చింది ఈ సమకే. 2008లో ఆయన ప్రధాని కుర్చీలో కూర్చున్నది థాక్సిన్ మనుషులు చేరి నడిపిన పార్టీ తరఫున. ఆ ఏడాది ప్రభుత్వ భవనాన్ని ఆక్రమించిన కేసులో చమ్లాంగ్ 2019లో, ఎనభై దాటిన వయసులో, కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చారు. ఇక 1996లో ఒంటరిగా మిగిలిన ఆ ఎంపీ సుదారత్, చాలా ఏళ్లు థాక్సిన్ శిబిరంలో పనిచేసి బయటికొచ్చి, 2021లో థాయ్ సంగ్ థాయ్ అని సొంత పార్టీ పెట్టుకున్నారు. 2023 ఎన్నికల్లో దానికి 6 సీట్లొచ్చాయి. బ్యాంకాక్‌ని ఆ ఎన్నికల్లో మూవ్ ఫార్వర్డ్ అనే పార్టీ 33కి 32 సీట్లతో ఊడ్చేసింది.